రెండవ గొంతు

ఆదివారం మధ్యాహ్న భోజనాలు ముగిసే వేళకు, కోకులా ఊరి సంత పక్కనున్న భోజనశాల పెరట్లో మరియాచీ పాటగాళ్ల బృందం అర్ధవలయంగా నిలబడింది. ఫిదెన్సియో మాత్రం వలయానికి వెలుపల టోపీ చేతబట్టుకొని నిలుచున్నాడు. బృందాన్ని విడిచిపోయేవారిని వీడ్కోలు పాట పాడి సాగనంపడం వారి ఆచారం. పోయేవారు వినాలి గాని గొంతు కలపరాదు. కలిపితే ఇంకా పోనట్టే లెక్క.

ఆ పాట ఎత్తుకోవలసింది హెర్మెలిందా. ఇన్నేళ్లుగా మొదటి గొంతు ఆమెది, రెండవది ఫిదెన్సియోది. ఊరిలో చాలామంది వారిని దంపతులనే అనుకొనేవారు. ఆ పొరపాటును అతడు ప్రతిసారీ నవ్వుతూ సరిదిద్దేవాడు. ఆమె ఎన్నడూ సరిదిద్దలేదు. ఇప్పుడతడు కొలీమాలో రొట్టెల దుకాణం నడిపే ఒక వితంతువును పెళ్లాడబోతున్నాడు. సాయంత్రం బస్సుకే ప్రయాణం.

"ఏంటి బావా, పెళ్లికొడుకువి, ముఖం అలా వేలాడేశావు?" అన్నాడు ట్రంపెట్ వాయించే క్రిస్పిన్. "రోజూ తెల్లారకముందే లేచి పిండి పిసకాలని ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"నీ ట్రంపెట్ గోల తప్పుతుందంటే ఎంత పిండైనా పిసుకుతాను," అని ఫిదెన్సియో ఆమె వైపు తిరిగాడు. "హెర్మెలిందా, నువ్వే పాడు. ఇంకెవరు పాడినా నాకు వెళ్లినట్టుండదు."

"ఎందుకు పాడను? ఊళ్లో అందరికీ పాడాను, నీకేం తక్కువ?" అందామె వయొలిన్ తీగలు సవరించుకుంటూ.

మొదటి చరణం నిబ్బరంగానే సాగింది. పల్లవి దగ్గర, ఆమె స్వరానికి కాస్త కింద, ఎప్పటిలాగే రెండవ గొంతు వచ్చి నిలిచింది. ఫిదెన్సియో కళ్లు మూసుకొని పాడుతున్నాడు. ఆ ఒక్క పంక్తి సేపూ అతడు ఉండిపోతాడని హెర్మెలిందా నమ్మింది.

గిటార్లు నవ్వుల్లో ఆగిపోయాయి. "చెల్లదక్కా, మనిషి పోవట్లేదు," అన్నాడు క్రిస్పిన్. "రొట్టెలావిడకి కబురు పెట్టండి."

ఫిదెన్సియో కళ్లు తెరిచాడు. "అలవాటుకొద్దీ వచ్చేసింది. ఏమనుకోకు," అని ఆమెతో అంటూనే వీధి వైపు చూశాడు.

పాటను అంతటితో వదిలేసినా ఆమెను తప్పుపట్టేవారు లేరు. బస్సు ఎక్కినా, ఆచారం ప్రకారం అతడు తమవాడిగానే మిగిలిపోతాడు. కాని సెలవు దొరకని మనిషిలా అతడు టోపీ అంచును తిప్పుతూ నిలుచున్నాడు.

"మళ్లీ మొదటినుంచి," అంది హెర్మెలిందా. "ఈసారి నోరు మూసుకొని విను."

పల్లవిలో క్రిస్పిన్ రెండవ గొంతు అందుకోబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ చోటును ఖాళీగానే ఉంచి, చివరి పంక్తిదాకా ఒంటరిగా పాడింది. ఫిదెన్సియో పెదవి కదపలేదు.

పాట ముగిశాక అతడు అందరినీ కౌగిలించుకున్నట్టే ఆమెనూ కౌగిలించుకొని, టోపీ పెట్టుకొని వీధిలోకి నడిచాడు.