ఇంగ్లండ్ లాంటి ఊరు

ఇంగ్లండ్ వీసా రెండోసారి కూడా రాకపోయేసరికి ఉదయలక్ష్మి ఇక ఆ దేశం మాటే ఎత్తడం మానేసింది. తెనాలి కాలేజీలో ముప్పయ్యేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సిడ్నీలో చెల్లెలు మంగళ దగ్గరికి వచ్చాక కూడా అది చూపించు, ఇది చూపించు అని అడిగింది లేదు. మనవాళ్ళ హోటళ్ళుండే పెండిల్ హిల్‌లో ఇడ్లీ తింటూ, "ఇదేదో గుంటూరులానే ఉందే మంగా" అని నవ్వేది, అంతే.

మంగళే ఆలోచించి టాస్మేనియా దీవికి టికెట్లు తీసింది. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు తమ ఊళ్ళను తలుచుకుంటూ కట్టుకున్న ఊళ్ళు అక్కడ ఉన్నాయని, ఒకదానిలో ఇప్పటికీ శనివారం సంత జరుగుతుందని ఆఫీసులో ఎవరో చెప్పారు. లాన్సెస్టన్‌లో విమానం దిగి అద్దె కారు తీసుకున్నారు. మంగళ కూతురు సింధుజ నడిపింది. యూనివర్సిటీలో చదువుతోంది. ఇక్కడే పుట్టిన పిల్ల కాబట్టి తెలుగు అర్థమైనా జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

దారి పొడవునా ఉదయలక్ష్మి కిటికీకి అతుక్కుపోయింది. "చూడవే, హెడ్జ్ అంటే ఇదీ! పొలం గట్టు మీద ముళ్ళపొదలు కంచెలాగా పెంచుతారు. ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో. నేను మాత్రం ఇప్పుడే చూడ్డం."

ఊరు నిజంగానే బొమ్మలా ఉంది. రాతి వంతెన, పెద్దవీధి, ఆ చివర గడియార స్తంభం, మధ్యలో పచ్చిక మీద గుడారాలు వేసిన సంత. చీజు, జాము, ఊలు టోపీలు. ఒక మూల ఇద్దరు ముసలాళ్ళు ఫిడేలు వాయిస్తున్నారు. ఉదయలక్ష్మి ప్రతి దుకాణం దగ్గరా ఆగి, తన పాఠాల ఇంగ్లీషులో అమ్మేవాళ్ళను పలకరించింది. ఒకావిడ మురిసిపోయి ఈవిడ చేతిలో ఆపిల్ పెట్టింది. చిన్నప్పుడు జాతరలో కూడా అక్క ఇంత సంబరపడగా మంగళ చూడలేదు.

టీ తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. ఉదయలక్ష్మి కుడిచేతిలోని కప్పు జారి ఒళ్ళో ఒలికింది.

"అయ్యో, కాలిందా అక్కా?"

ఉదయలక్ష్మి గడియార స్తంభం వైపు చూసి, "గడ... గడి..." అంది. మంగళకు ముందు నవ్వొచ్చింది, అక్క ఏదో ఆట పట్టిస్తోందనుకుంది. అంతలో అక్క మూతి ఒక పక్కకు వాలిపోవడం చూసింది.

"మమ్, షి ఈజ్ హావింగ్ ఎ స్ట్రోక్!" అంటూనే సింధుజ ఫోను తీసింది. పెద్దమ్మ ఒరిగిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అంబులెన్సు నంబరు ట్రిపుల్ జీరో నొక్కింది.

మంగళ లేచి చుట్టూ చూసింది. వీధికి అవతల రాతి భవనం, గుమ్మం పైన పెద్ద అక్షరాలతో చెక్కిన 'హాస్పిటల్' అన్న మాట. అక్కడే ఉంది, ఎదురుగానే ఉంది! కార్లు కూడా చూసుకోకుండా పరుగెత్తింది. తలుపు తోయగానే ఇత్తడి గంట మోగింది. లోపల పూల బొమ్మల టీ పాత్రలు, లేసు గుడ్డలు, వరసగా జాము సీసాలు.

"డాక్టర్! డాక్టర్ ఎక్కడ?"

కౌంటరు వెనకున్నావిడ మొహం తెల్లబోయింది. "హాస్పిటల్ మూసేసి చాలా ఏళ్ళయింది డియర్. ఇది కొట్టు. ఎవరికేమైంది?"

 మంగళ వీధివైపు చెయ్యి చూపించింది. ఆవిడ ఒక దుప్పటి లాక్కుని తనూ వెంట పరుగెత్తుకొచ్చింది.

ఇద్దరూ కలిసి ఉదయలక్ష్మిని గడ్డి మీద పక్కకు తిప్పి పడుకోబెట్టారు. సింధుజ ఫోనులో కనుక్కుంటే, దగ్గర్లోని అంబులెన్సు వేరే యాక్సిడెంటుకు వెళ్ళిందట, లాన్సెస్టన్ నుంచి ఇంకోటి బయల్దేరిందట. మంగళ నీళ్ళ సీసా మూత తీసింది.

"నో మమ్! ఏమీ ఇవ్వొద్దంట. షి మైట్ చోక్."

మూత తీసిన సీసా చేతిలో అలాగే ఉండిపోయింది. చెయ్యడానికి తెలిసిన పని అదొక్కటే. అదీ కూడదన్నారు.

ఉదయలక్ష్మి ఎడమచేత్తో చెల్లెలి కొంగు పట్టుకుంది. అంతా తెలుస్తోందని కళ్ళే చెప్తున్నాయి. "గడి... గడి..."

"గడియారమా అక్కా? టైమా? టైం అడుగుతున్నావా?"

కాదన్నట్టు తల కదిలింది.

"గది? మన హోటల్ గదికి పోదామా? గడ్డి గుచ్చుకుంటోందా?"

ఉదయలక్ష్మి కళ్ళు మూసుకుంది. ఆ కనురెప్పల కింద నుంచి నీళ్ళు చెవిలోకి జారాయి. ఫిడేళ్ళు ఇంకా మోగుతూనే ఉన్నాయి. ఎవరో పోయి చెప్పాక ఆగాయి. అప్పుడు ఆ నిశ్శబ్దం మరీ భయపెట్టింది మంగళను. జనం దూరంగా నిలబడి జాలిగా చూస్తున్నారు. అందరూ మంచివాళ్ళే. ఎవరి వల్లా ఏమీ కావడం లేదు.

అంబులెన్సు ఎట్టకేలకు వచ్చింది. లాన్సెస్టన్ ఆసుపత్రిలో మెదడులో రక్తపు గడ్డ కరిగే మందు ఎక్కించారు. సమయానికే తెచ్చారని, ప్రాణానికి భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. "మాట సంగతి ఇప్పుడే చెప్పలేం. నెలలు పట్టొచ్చు. కొంతే రావచ్చు."

"ఇంగ్లీషా, తెలుగా?" అని అడిగింది మంగళ. ఎందుకడిగిందో తనకే తెలియదు.

"ఏదైనా," అంది డాక్టరమ్మ.

మర్నాడు తెనాలి నుంచి బావగారు ద్వారకానాథ్ ఫోన్ చేశాడు. మోకాలి ఆపరేషనై మంచం దిగలేని స్థితిలో ఉండబట్టే ఆయన ఈ ప్రయాణానికి రాలేదు. జరిగింది మంగళ రాత్రే చెప్పింది గానీ, మాట పోయిన సంగతి చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు.

"నిద్ర లేచిందామ్మా? ఒక్కసారి ఫోనివ్వు. నేను మాట్లాడితే ధైర్యంగా ఉంటది."

"బావగారూ, అక్క ఇంకా..."

"అలిసిపోయి ఉంటది, తెలుసమ్మా. ఒక్క నిమిషం చాలు."

ఆయన గొంతులో ఆ ఆశ విన్నాక కాదనలేకపోయింది. ఫోను అక్క చెవికి ఆనించింది.

"లక్ష్మీ, ఏం కంగారు పడబాక. నాకిక్కడ బాగానే జరుగుతోంది. పక్కింటోళ్ళు అన్నం పంపిస్తున్నారు." ఆయన చాలాసేపు మాట్లాడాడు. పాలవాడు, కరెంటు, కుండీలో విచ్చిన మందారం. ఉదయలక్ష్మి పెదవులు కదిలాయి, ఊపిరే తప్ప మాట రాలేదు.

"లక్ష్మీ? వింటున్నావా?"

ఉదయలక్ష్మి చెల్లెలి వంక చూసింది.

"వింటోంది బావగారూ," అంది మంగళ.