నాలుగు మాత్రల చప్పుడు

మీ అమ్మ మందుల చీటీ మీద తేదీ ఎప్పుడైనా చదివారా? చదవరు. మాత్రలు తెచ్చి చేతిలో పెట్టి, కొడుకుగా చేయాల్సింది చేసేశామని గుండె మీద చేయి వేసుకుని నిద్రపోతారు. గడియారాలు బాగుచేసే ఆయన కూడా అంతే చేశాడు.

పనిలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. తెల్లారగానే బల్ల తుడిచి, కంటికి భూతద్దం బిగించి, చేతిగడియారాన్ని చెవికి ఆనించేవాడు. మూత తీయకుండానే, "పళ్ళచక్రంలో నలక ఉంది," అనేవాడు. ఊళ్ళో అంతటి చెవి ఇంకొకరికి లేదు.

పక్క గదిలో అమ్మ మోకాళ్ళ నొప్పికి మాత్ర వేసుకునేది. అది కుడి డొక్కలో టిక్కుటిక్కుమంటూ ఉండి, కాలేయం అరగదీశాక ఆగిపోయేది. ఎవరి మాత్రైనా అంతే కదా. అరవై ఏళ్ళప్పుడు అమ్మ పొద్దున వేసుకున్నది మధ్యాహ్నం భోజనానికే ఆగేది. ఎనభై దాటాక మర్నాడు కూడా వినిపించసాగింది. దానిమీద ఇంకోటి.

"ఒరే, లోపల నిన్నటిది ఇంకా నడుస్తోందిరా."

"నడవనీ అమ్మా. చీటీలో రోజుకి రెండని ఉంది. డాక్టరు కంటే నీకెక్కువ తెలుసా?"

"నీ మాట కాదనను నాయనా. కళ్ళు తిరుగుతుంటే అన్నాను."

అమ్మ కళ్ళు తిరగడం ఆయనకు పట్టలేదు. ఆ మాత్రల చప్పుడు బల్లదాకా వచ్చి గడియారాల చప్పుడులో కలిసిపోతోందని విసుక్కున్నాడు. దూది ఉండచుట్టి చెవుల్లో పెట్టుకున్నాడు. గడియారం ఎత్తినప్పుడు తీసేవాడు, అమ్మ పిలిస్తే పెట్టుకునేవాడు.

ఒక మధ్యాహ్నం కోడలు మాత్రా నీళ్ళూ పట్టుకెళ్ళింది. అత్తగారు మగతగా పడుకుని ఉంది. కళ్ళు పచ్చగా ఉన్నాయి. కోడలు ఆమె డొక్కకు చెవి ఆనించింది. ఒకటి కాదు, నాలుగు, ఒక్కోటి ఒక్కో వేగంతో. చేతిలో ఉన్నది ఐదోది. గ్లాసు కిందపెట్టి పరుగున వచ్చి భర్త చెవిలో దూది లాగేసింది.

"గోడగడియారం నిమిషం తప్పితే అన్నం మానేస్తారు! అక్కడ మనిషే ఆగిపోతోంది, వినపడలేదా?"

ఆసుపత్రిలో డాక్టరమ్మ చీటీ చూసి తల పట్టుకుంది. "ఇది ఇరవై రెండేళ్ళ కిందటిదండీ! కాలేయం అప్పటిలా ఉంటుందా? చిన్నదైపోయింది, దానికి రక్తమూ తక్కువే అందుతోంది. మాత్ర అదే, అరగదీసే ఓపిక లేదు. ఐదోది కూడా వేసుంటే, మా దగ్గరికి తెచ్చే అవసరమే ఉండేది కాదు."

మూడు వారాలకు అమ్మ ఇంటికొచ్చింది. ఇప్పుడు సగం మాత్రే. అది ఆగాకే ఇంకో సగం.

ఆయన దూది పారేశాడు. అయినా ఏ గడియారమూ వినపడలేదు. మాటలు వినిపించాయి, వాన వినిపించింది. టిక్కుమనే చప్పుడు ఒక్కటే మళ్ళీ ఆ చెవిలోకి రాలేదు. బాగుచేసిన ప్రతి గడియారాన్నీ పట్టుకుని అమ్మ మంచం దగ్గరికి వెళ్తాడు.

"నడుస్తోందా అమ్మా?"

అమ్మ చెవికి ఆనించుకుని వింటుంది. తర్వాత కొడుకును దగ్గరికి లాక్కుని, ఆయన డొక్క దగ్గర తల వంచుతుంది. ఆయనకూ అరవై దగ్గర పడ్డాయి, రక్తపోటు మాత్ర తప్పదు.

"గడియారం బాగుందిరా. నీ పొద్దుటి మాత్రే ఇంకా ఆగలేదు. కాస్త కూర్చో."

ఊళ్ళో అంతటి చెవి ఉన్న మనిషి, తన ఒంట్లో చప్పుడు తనకే వినపడక, అమ్మ లెమ్మనేదాకా అలాగే కూర్చుంటాడు.