సీలు విప్పిన పెట్టె

వెర్నన్ హల్‌స్ట్రామ్ చెవుల్లో కీచురాయి చేరి పదేళ్ళు దాటింది. రెండు చెవుల్లోనూ ఒకటే కూత, సన్నగా, తెగకుండా. చుట్టూ చప్పుడుంటే కాస్త మరుగున పడేది. నిశ్శబ్దంగా ఉన్న చోట రెచ్చిపోయేది. అందుకని సన్నీవేల్‌లోని ఆ ఇంట్లో వంటగది ఫ్యానో, హాల్లో రేడియోనో, పెరట్లో నీళ్ళ తుంపరో ఏదో ఒకటి నడుస్తూనే ఉండేది. భోజనానికి కూచున్న మనిషి రెండు ముక్కలు నోట్లో వేసుకుని కిటికీ దాకా వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ లేచేవాడు.

"నీ ప్లేటుకి చక్రాలు పెట్టిస్తాను, నీ వెనకాలే తిరుగుతుంది," అనేది భార్య లొరేన్.

అతను వాడని మందు లేదు. కాఫీ మానేశాడు, ఉప్పు మానేశాడు, సూదులు పొడిపించుకున్నాడు, సముద్రపు హోరు వినిపించే దిండు మీద పడుకున్నాడు. చివరికి విశ్వవిద్యాలయంలో చెవి జబ్బుల మీద పరిశోధన చేసే మారిసెలా ప్రియెటో దగ్గరికి చేరాడు. తలనొప్పి పట్టీలాంటిది ఒకటి మెడకి అంటించి, ఒంటికి తెలియనంత చిన్న విద్యుత్తు పంపుతూ, చెవిలో మెల్లగా శబ్దాలు వినిపించే పెట్టె తయారుచేసిందావిడ. అది పనిచేస్తుందో లేదో తేల్చాలి. వెర్నన్ ఆ పరిశోధనకి విరాళమిచ్చాడు, సలహా సంఘంలో కూచున్నాడు. సగం పెట్టెలు ఉత్తివి ఉండాలని అందరికంటే గట్టిగా పట్టుబట్టినవాడు అతనే.

"శబ్దాలు అన్నిటిలోనూ రానివ్వండి. విద్యుత్తు మాత్రం సగం వాటిలోనే ఉండాలి. ఏది ఎవరికిచ్చామో మీకూ తెలియకూడదు, మాకూ తెలియకూడదు," అన్నాడు ఆ రోజు బల్ల గుద్ది. "లేకపోతే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు."

ఆ పట్టుదల అతనికి పాత రోజుల నుంచీ వచ్చింది. కంప్యూటర్ చిప్పు గీతల్ని ఎర్రటి ఫిల్మ్ మీద చాకుతో కోసి, ఆ ఫిల్మ్‌ని నేల మీద పరిచి, చెప్పులు విప్పి మేజోళ్ళతో దాని మీద పాకుతూ తప్పులు వెతికిన కాలపు ఇంజనీరు అతను. మొదటి చిప్పులు వచ్చినప్పుడు ఒక్కటీ పలకలేదు. డిజైనే తప్పని అందరూ తేల్చేశారు. వెర్నన్ మూత ఊడదీసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, ఒకచోట ఒలిచెయ్యాల్సిన ఎర్ర పొర ఒలవకుండా ఉండిపోయినట్టు తేలింది. అప్పటినుంచి అతనిది ఒకటే మాట: అనుమానమొస్తే విప్పి చూడు.

రోగుల్లో ఒకడిగా అతని వంతు పెట్టె ఇంటికొచ్చిన కొన్ని వారాలకి కూత తగ్గడం మొదలైంది. పోలేదు, దూరమైంది. పక్కింట్లో ఎవరో ఈల వేస్తున్నట్టుగా. ఒక ఆదివారం లొరేన్ వండిన చేప తిని, తిన్నాక కూడా కుర్చీలోనే కూచుని, ఆమె చెల్లెలి కూతురి పెళ్ళి కబుర్లు చివరిదాకా విన్నాడు. లొరేన్ మాటల మధ్యలో ఆగి అతని వంక చూసింది. చెబితే దిష్టి తగులుతుందేమో అన్నట్టు మళ్ళీ పెళ్ళి కబుర్లే అందుకుంది.

శనివారం ఆర్వో టామ్ వచ్చాడు. ఎర్ర ఫిల్మ్ రోజుల్లో వెర్నన్ పక్కనే పాకినవాడు. తరవాత గుండెకి అమర్చే యంత్రాల కంపెనీకి వెళ్ళాడు. కాఫీ తాగుతూ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బావుంది. ఇంతకీ నీది నిజం పెట్టెనా, ఉత్తి పెట్టెనా?"

"తెలీదు. తెలియకూడదు."

"నీకు తెలియకూడదా? మైక్రోవేవ్ కొంటే వేడి చేసేముందు విప్పి చూసిన మనిషివి నువ్వు."

"అది వేరు."

"అవున్లే, దాంట్లో నీ బుర్ర లేదు." ఆర్వో నవ్వాడు. "ఉత్తి పెట్టె పెట్టుకుని నయమైందని మురుస్తున్నావేమోరా. అదృష్టవంతుడివి!"

వేళాకోళమే. కానీ కోతి పుండు బ్రహ్మరాక్షసి అన్నట్టు, ఆ మాట వెర్నన్ లోపల పెరగడం మొదలుపెట్టింది. నిజంగా తగ్గిందా? తగ్గిందనుకుంటున్నాడా? అనుకోవడానికీ తగ్గడానికీ తేడా ఏమిటి? కూత ఎంత ఉందో చూద్దామని చెవి పెట్టేవాడు. చెవి పెడితే ఉండేది. లేదేమో అని మళ్ళీ పెట్టేవాడు. పెరట్లో ఆప్రికాట్లు కోస్తూ బుట్ట సగంలో వదిలేసి లోపలికొచ్చాడు. లోపల నుంచి గరాజులోకి వెళ్ళాడు. గరాజులో అలల తెర, అంటే కరెంటు ఎలా నడుస్తోందో గీతలుగా చూపించే పాత ఆసిలోస్కోపు, గుడ్డ కప్పుకుని ఉంది. దాన్ని చూసి వెనక్కి వచ్చాడు. గంట తిరక్కుండా మళ్ళీ వెళ్ళాడు.

బుధవారం లొరేన్ కూరగాయలకి వెళ్ళినప్పుడు గుడ్డ తీశాడు.

పెట్టె అడుగున స్క్రూ మీద వెండిరంగు సీలు ఉంది. అది చిరిగితే పరిశోధన నుంచి తప్పించినట్టే. నిబంధనల్లో ఆ వాక్యం రాయించింది కూడా తనే. చాకు మొనతో సీలు లేపాడు. మెడపట్టీ తీగల్ని ఆసిలోస్కోపుకి తగిలించి పెట్టె మీట నొక్కాడు.

తెర మీద గీత తిన్నగా ఉంది. ఉలుకూ లేదు పలుకూ లేదు. మీట మళ్ళీ నొక్కాడు. మీటలన్నీ తిప్పి చూశాడు. గీత కదల్లేదు.

ఉత్తి పెట్టె!

అంతే, పక్కింట్లో ఉన్న ఈల తలుపు తోసుకుని లోపలికొచ్చేసింది. పాత చోటికే, పాత గొంతుతో. వెర్నన్ గరాజు ఫ్యాను వేశాడు, రేడియో పెట్టాడు, కుళాయి తిప్పాడు. లొరేన్ తిరిగొచ్చేసరికి ఇల్లంతా రొద.

ఆమె సంచులు కిందపెట్టి ఒక్కొక్కటీ ఆపుకుంటూ గరాజు దాకా వచ్చింది. బల్ల మీద విప్పిన పెట్టెని చూసింది.

"ఏం చేశావు?"

"దీంట్లో ఏమీ లేదు లొరేన్. ఖాళీ. మనం ఇన్నాళ్ళూ..."

"నేనడిగానా దాంట్లో ఏముందో?" ఆమె గొంతు పెరగలేదు, సన్నబడింది. "నా ఎదురుగా కుర్చీలో కూచున్నావు. నా మాట విన్నావు. అలా కూచోబెట్టింది విద్యుత్తయితే ఏం, గాలి అయితే ఏం?"

"నిజం తెలియకుండా ఎలా..."

"తెలిసిందిగా! ఇప్పుడు కూచో మరి!"

అతను కూచోలేకపోయాడు.

సాయంత్రం ఆర్వోకి ఫోను చేశాడు, ఎవరో ఒకరిని తిట్టాలని.

"నీ నోటి దురద వల్ల వచ్చింది ఇదంతా. విప్పి చూశాను. గీత తిన్నగా ఉంది."

ఆర్వో వెంటనే నవ్వలేదు. "తీగల కొసలు దేనికి పెట్టావు?"

"ఆసిలోస్కోపుకి."

"ఇంకేమీ లేదా మధ్యలో? చర్మంలా కరెంటుకి కాస్త అడ్డం పడే చిన్న రెసిస్టరైనా?"

వెర్నన్ బల్ల మీది తీగల వంక చూశాడు.

"ఒరేయ్ వెర్నన్, ఇవి ఒంటికి తగిలించే యంత్రాలు రా! పట్టీకి చర్మం తగల్లేదని తెలిస్తే నోరు మూసుకుంటాయి. నా కంపెనీలో మొదటి రోజే నేర్పేవాళ్ళు. ఆ మాటకొస్తే, కరెంటుకి బరువు పెట్టకుండా కొలిస్తే ఏ పెట్టె అయినా అబద్ధం చెబుతుందని మా అందరికీ నూరిపోసింది నువ్వు కాదూ?" అప్పుడు నవ్వాడు, పగలబడి. "సరే, ఇప్పుడేం పోయింది? రెసిస్టర్ పెట్టి మళ్ళీ చూడు. నిమిషం పని."

వెర్నన్ సొరుగు లాగాడు. చర్మానికి సరిపడే రెసిస్టర్ చూడకుండానే చేతికి దొరికింది. గోధుమరంగు చారల చిన్న ముక్క. వేళ్ళ మధ్య తిప్పుతూ గరాజులో అటూ ఇటూ తిరిగాడు. గీత లేస్తే పెట్టె నిజం. మరి పొద్దున్న దాన్ని ఖాళీ అనుకున్న క్షణంలోనే కూత ఎలా తిరిగొచ్చింది? గీత లేవకపోతే పెట్టె ఉత్తిది. మరి ఆ ఆదివారం అతన్ని కుర్చీలో నిలిపింది ఎవరు? ఏ జవాబు వచ్చినా రేపు మెడకి పట్టీ పెట్టుకునేది మాత్రం నిన్నటి మనిషి కాదు. పైగా వారంవారం వాళ్ళు ఫోను చేసి కూత ఎంతుందని అడుగుతారు. తను చెప్పే అంకె తనలాంటి వందమంది చెప్పే అంకెల్లో కలుస్తుంది. రోగుల గుంపులో ఒలవని ఎర్ర పొర తనే అవుతాడు.

రెసిస్టర్‌ని సొరుగులో పడేశాడు. సొరుగు మూశాడు. మళ్ళీ తెరిచాడు. మూశాడు. తెల్లారి మారిసెలా క్లినిక్కు తలుపులు తీసేసరికి పెట్టె గుండెలకి హత్తుకుని వరండాలో నిలబడి ఉన్నాడు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మారిసెలా ప్రియెటో పెట్టె తిరగేసి చిరిగిన సీలు చూసింది.

"మీరు కూడానా వెర్నన్ గారూ!" అంది. "ఇంటికో ఇంజనీరున్న ఈ లోయలో పరిశోధన పెట్టడమే నా తప్పు. ఇంకో ఊళ్ళో అయితే రోగులు మందు వేసుకోవడం మరిచిపోయి పరిశోధన నుంచి జారిపోతారు. ఇక్కడ స్క్రూడ్రైవర్ పట్టుకుని జారిపోతున్నారు. మీరు నాలుగోవారు."

"మిగతా ముగ్గురూ చెప్పారా?"

"ఇద్దరు చెప్పలేదు. సీలు జిగురుతో అంటించి పంపారు." ఆమె నవ్వబోయి మానేసింది. "మీరు ఏం చూశారో నాకు చెప్పకండి. వినకూడదు."

"చూసిందాంట్లో అర్థం లేదులెండి. తప్పుగా కొలిచాను." గొంతు సవరించుకున్నాడు. "ఇది నిజం పెట్టేనా?"

"నాకూ తెలీదు. మీరే కదా తెలియకూడదన్నారు." పెట్టెని సంచిలో వేసి, పైన చీటీ అంటించింది. "అందరివీ అయ్యాక ఎవరికేది ఇచ్చామో విప్పి చూస్తాం. ఇంకో రెండేళ్ళు పడుతుంది. అప్పుడు ఫోను చేసి చెబుతాను."

"అప్పటిదాకా?"

"పెట్టె ఇవ్వలేను. క్షమించండి."

ఇంటికొచ్చేసరికి లొరేన్ పెరటి బల్ల దగ్గర ఆప్రికాట్లు చీరి, గింజలు తీసి, ఎండబెట్టే పళ్ళేల్లో బోర్లా పెడుతోంది. అతను ఎదురు కుర్చీ వెనకాల నిలబడ్డాడు.

"ఇచ్చేశావా?"

"ఇచ్చేశాను."

"ఏమంది?"

"వాళ్ళకీ తెలీదట."

లొరేన్ రెండో చాకు అతని వైపు తోసింది. "బోర్లా కాదు, ఇప్పటినుంచి వెల్లకిలా పెట్టు. బోర్లా పెట్టినవి పళ్ళేనికి అంటుకుపోతున్నాయి."

వెర్నన్ కూచున్నాడు. కూత గట్టిగానే ఉంది, ఎండలో తీగ లాగినట్టు. ఒక పండు చీరాడు, ఇంకోటి చీరాడు. లేచి తుంపర తిప్పడానికి కుళాయి దాకా వెళ్ళాడు. చెయ్యి కుళాయి మీద ఉండగా వెనక్కి చూశాడు. లొరేన్ తల ఎత్తలేదు. చాకు మాత్రం ఆగింది.

కుళాయి తిప్పకుండా తిరిగొచ్చి, కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఇంతకీ ఆ పెళ్ళిలో చివరికి పాట ఎవరు పాడారు?" అని అడిగాడు.

"పోయిన్సారి చెప్పాగా."

"మళ్ళీ చెప్పు," అన్నాడు, మోకాలు ఆడిస్తూ.