పసుపు పడవ బొమ్మ

చిలోయే దీవిలో మా రేవు పిల్లలకు ఎదిత బర్రియా అంటే ప్రాణం. బాలవాడిలో ఆమెను టీచరని ఎవరూ పిలవరు, అందరికీ అత్తే. వాన వదలని రోజుల్లో పిల్లల్ని కట్టెల పొయ్యి చుట్టూ కూర్చోబెట్టి ఒక కథ చెప్పేది, కథయ్యాక రంగులిచ్చేది. కథలన్నీ ఆమె సొంతంగా అల్లినవే.

వాటిలో ఒకటి సముద్ర సింహం పిల్ల కథ. దానికి కోపమొచ్చినా, భయమేసినా, ఎవరికీ చెప్పకుండా ఒక రాయి మింగేసేది. పొట్టనిండా రాళ్లై ఈదలేకపోయింది. అప్పుడు దాని నానమ్మ వచ్చి, "ఒక్కొక్కటీ నా చెవిలో వదిలెయ్, నేనెవరికీ చెప్పను" అంది.

"ఇప్పుడు మీ పొట్టలో రాయి ఎలా ఉందో గీయండి," అంది ఎదిత. "చెప్పాలనిపిస్తే నా చెవిలో చెప్పండి. నేనూ ఎవరికీ చెప్పను."

ఐదేళ్ల యస్నా పసుపు పడవ గీసింది. దాని ముక్కు మీద ఎర్ర నక్షత్రం, చుట్టూ నల్లటి అలలు. ఒడ్డున ఒక పిల్ల నవ్వుతూ నిలబడి ఉంది.

"ఈ పిల్లెవరే?"

"నేనే."

"ఎందుకంత నవ్వు?"

యస్నా ఆమె మెడ చుట్టూ చేతులేసి గుసగుసలాడింది. "గాలివానకి ఆ రాత్రి నాన్న పడవ రాలేదు కదా అత్తా, అప్పుడు అమ్మ ఏడ్చింది. నాకేమో బాగుంది. ఇంట్లో ఎవరూ అరవలేదు." ఇంకా దగ్గరికి జరిగి, "నేను చెడ్డదాన్నా?" అంది.

"కాదమ్మా. అది నీ రాయి. బయటికొచ్చేసింది, అంతే."

ఎదిత ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. అక్కడితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది!

కొన్నాళ్లకు పిల్లల బొమ్మలన్నీ గోడకు అంటించి, తల్లిదండ్రుల్ని పిలిచారు. పట్నం నుంచి చదువుల శాఖవాళ్లూ వచ్చారు. వాళ్లలో ఒకావిడ, "కథలతో, రంగులతో పిల్లల మనసు నిజంగా తెలుస్తుందా?" అని అడిగింది. ఎదితకు ఉత్సాహం వచ్చింది. పసుపు పడవ బొమ్మ చూపించి, గాలివాన సంగతీ, ఆ పాప నవ్వూ, ఇంట్లో అరుపులూ పూసగుచ్చినట్టు చెప్పింది. పేరు మాత్రం చెప్పలేదు. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు.

పేరెందుకు? ఎర్ర నక్షత్రమున్న పసుపు పడవ మా రేవులో ఒక్కటే ఉంది. అది యస్నా తండ్రి ఒస్వాల్దోది. తల్లులంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి యస్నా తల్లి మిర్తాని చూశారు. ఆవిడ తెచ్చిన దుంపరొట్టెల పళ్లెం చేతిలోనే ఉండిపోయింది. పక్కన యస్నా అత్తకేసే చూస్తోంది.

మర్నాటి నుంచి రేవులో ఒస్వాల్దోకి ఒకటే వెటకారాలు.

"ఏరా, తొందరేం లేదు, నిదానంగా రా! ఇంట్లోవాళ్లని కాస్త పండగ చేసుకోనీ!"

"మునిగేముందు కబురెట్రోయ్, మీ అమ్మాయికి కేకు చెప్పాలి!"

యస్నా బడికి రావడం మానలేదు. కానీ కాగితం ఇస్తే బోర్లించి పెట్టేది. "నా దగ్గరేం లేదు" అనేది. కథ మొదలవగానే తలుపు దగ్గరికెళ్లి కూర్చునేది.

పేరు చెప్పలేదుగా అని ఎదిత తనకు తాను సర్దిచెప్పుకుంది. బోర్లించిన కాగితం కనపడ్డప్పుడల్లా ఆ సాకు చేతిలోంచి జారిపోయేది. పట్నంలో తోటి టీచర్లకు పాఠం చెప్పమని పిలుపొస్తే, రాలేనని ఫోన్ పెట్టేసింది. ఆదివారం గొడుగేసుకుని యస్నా వాళ్లింటికి బయల్దేరింది.

ఒస్వాల్దో పాకలో వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తలేదు.

"తప్పు చేశాను," అంది ఎదిత.

"నేనరుస్తాను టీచరమ్మా, కాదనను. మా నాన్నా అరిచేవాడు. ఆయన పడవ రాకపోతే బాగుండునని నేనూ అనుకున్నవాణ్ణే. అందుకే పిల్ల మీద నాకు కోపం రాలేదు." దారం పంటితో తెంపాడు. "కానీ ఆ మాట అది నాకు చెప్పాల్సింది. ఎప్పుడో ఒకనాడు, దానికి ధైర్యమొచ్చినప్పుడు. మీరు ఊరందరికీ చెప్పేశారు. నిన్న సూప్ గిన్నె ముందు కూర్చుని, 'నాన్నా, నువ్వు చచ్చిపోవాలని నేననలేదు' అని ఏడ్చింది. దానికేం చెప్పాలో మీ కథల్లో ఏమన్నా ఉందా?"

"పాపతో మాట్లాడొచ్చా?" అంది ఎదిత. అతను ఇంటివైపు తల ఊపాడు.

యస్నా వంటింట్లో తల్లితో కలిసి బఠానీలు ఒలుస్తోంది. ఎదిత నేలమీద ఆ పిల్లకెదురుగా కూర్చుంది.

"ఎవరికీ చెప్పనన్నావు," అంది యస్నా.

"అన్నాను. చెప్పేశాను."

"ఎందుకు?"

నీలాంటి పిల్లలకు మేలవుతుందని అనబోయింది. ఆ మాట మానేసి, "వాళ్లు నన్ను మెచ్చుకోవాలని," అంది.

బఠానీలు ఒలుస్తున్న మిర్తా చేతులు ఆగిపోయాయి. యస్నా తలెత్తి చూసింది.

"మెచ్చుకున్నారా?"

"మెచ్చుకున్నారు."

పిల్ల ఇంకో కాయ తీసి ఒలిచింది. ఆ ఒక్క ప్రశ్న ఎదితను కుదిపినంతగా ఒస్వాల్దో మాటలు కూడా కుదపలేదు.

తర్వాతి సమావేశంలో తల్లిదండ్రులందరి ముందూ, పిల్లకిచ్చిన మాట తప్పింది తానేననీ, నవ్వాలనుకుంటే తనను చూసి నవ్వమనీ చెప్పింది. గోడమీది బొమ్మలన్నీ తీసి ఏ పిల్లవి ఆ పిల్లకే ఇచ్చేసింది. రేవులో వెటకారాలు మెల్లగా చల్లబడ్డాయి. ఒస్వాల్దో అరుపులు పూర్తిగా మానలేదు గానీ, గొంతు లేస్తోందని తనకే తెలిసినప్పుడు పాకలోకి వెళ్లిపోతున్నాడని మిర్తా చెప్పింది.

వానలు తెరిపిచ్చాక ఒకరోజు యస్నా కుంచె పట్టుకుంది. కోళ్లు గీసింది, ఒట్టి కోళ్లే. ఎదిత పక్కన కూర్చుంది.

"ఈ కోడి ఏమంటోంది?" అని అడిగేసి, వెంటనే నాలుక కరుచుకుంది.

"ఏమీ అనట్లేదు. గింజలు తింటోంది."

"సరే," అంది ఎదిత. కోళ్ల చుట్టూ గడ్డి గీయడానికి సరిపోదేమోనని పచ్చరంగు గిన్నె ఇంకాస్త నింపి ఆ పిల్ల దగ్గరగా జరిపింది.