గంజి క్యాను

ఆసుపత్రి వంటగది వెనుక గుమ్మం దగ్గర, ఒక ఉదయం, గిన్నెలు కడిగే ఆమెను ఆపి ఆమె చేతిలోని క్యాను లాక్కున్నారు. లాక్కున్నది సరుకుల గది అధికారి. నడుముకు వేలాడే గుత్తిని బట్టి అందరూ ఆయనను తాళాలాయన అనేవారు. వీలుంటే అన్నం మీది ఆవిరికి కూడా తాళం వేస్తాడని వంటవాళ్లు చాటుగా నవ్వుకునేవారు.

క్యానులో ఉన్నది గంజి, అంటే అన్నం వార్చిన నీళ్లు. ఇందులో దొంగతనమేమిటని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. ఆశ్చర్యపోవలసిందే. కాని వంటగది గోడమీద అద్దం బిగించిన ఉత్తర్వు ఒకటి ఉంది. వార్చిన నీరు, కడిగిన నీరు వెంటనే తూములో పారబోయవలెను. గడప దాటించినవారిని పనినుండి తొలగించెదము. కింద మేట్రన్ సంతకం. మూడేళ్ల కిందట తనిఖీకి వచ్చినవారు గంజి పాత్రమీద ఈగలు చూపించినప్పుడు, ఆ పాత్రకొక మూత పెట్టించడానికి బదులు ఆమె గోడకు పెట్టించిన ఉత్తర్వు అది.

క్యాను మేట్రన్ బల్లమీదికి చేరింది. ఇది రోగుల సొత్తని, నేడు గంజి పోతే రేపు బియ్యం పోతాయని తాళాలాయన వాదించాడు. పన్నెండేళ్లుగా ఇద్దరు పిల్లలను ఆ ఉద్యోగంతోనే సాకుతున్న గిన్నెలు కడిగే మనిషి తలవంచుకుని నిలబడింది. మేట్రన్ మూత తీసి, వేలు ముంచి, నాలుకకు తాకించింది.

"ఉప్పు లేదేం?"

"వార్చాకే కలపమని వంటన్నని బతిమాలుకున్నానమ్మా. ఉప్పు పడితే ఇక ఆ నీళ్లు ఎందుకూ పనికిరావు."

మేట్రన్ చేయి క్యాను అంచుమీదే ఆగిపోయింది. సరిగ్గా ఈ మాటే నలభై ఏళ్ల కిందట ఆమె తల్లి అనేది.

ఒకే గది ఇల్లు అది. పొయ్యి పక్కన మూడు మట్టి పాత్రలు. బియ్యం కడిగిన నీళ్లు అంట్లకు తొలి కడుగుడు. కూరలు కడిగిన నీళ్లు కిటికీలోని టమాటా మొక్కకు. తొక్కలూ ఆ కుండీ మట్టిలోకే. మూడో పాత్రలో గంజి. పిల్లలు తాగగా మిగిలినదానిలో తల్లి ఆమె బడిగౌను ముంచి ఆరవేసేది. కలవారి పిల్లల గౌన్లు కూడా అంత నిటారుగా నిలిచేవి కావు. కూర్చుంటే చాలు, గౌను చప్పుడు చేసేది. "నీకంటే ముందు నీ గౌనే పాఠం అప్పజెప్పేట్టుందే" అని బడిలో పాఠం చెప్పే సిస్టరు నవ్వేది. కుళాయి వీధి చివర ఉండేది. బిందె మోసిన చేతికి నీటి బరువు తెలిసేది. ఆ బరువును తానెప్పుడు మరిచిందో మేట్రన్‌కు తెలియదు. బహుశా ఇంటిలోపలికి కుళాయి వచ్చిన రోజునే.

"దీన్ని ఏం చేస్తావు?"

గిన్నెలు కడిగే ఆమె తటపటాయించింది. చెప్పమని తాళాలాయన గద్దించాడు.

"మా అత్త బట్టలుతుకుతుందమ్మా. మీ టోపీలు, కోట్లు వచ్చేది ఆమె దగ్గరికే. కొట్లో కొన్న పొడి వేస్తే మీ టోపీ ఇలా నిలబడదండి."

ఆ టోపీని చూసి శుభ్రత నేర్చుకోమని మేట్రన్ నర్సులకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఇప్పుడు ఆమె దానిని తీసి క్యాను పక్కన పెట్టింది. అది నిటారుగా నిలిచింది.

"దొంగసొత్తు పట్టుకున్నానన్నారు కదండీ," అంది తాళాలాయనతో. "ఇది కూడా రాసుకోండి."

రూలు రూలే కదండీ అని ఆయన గొణిగాడు. ఆ రూలు రాసింది తానేనని, కాబట్టి తప్పూ తనదేనని ఆమె బదులు చెప్పింది.

ఆ మధ్యాహ్నం మేట్రన్ స్వయంగా ఉత్తర్వును అద్దంతో సహా దించింది. దాని చోట మరో కాగితం అంటించలేదు. పొయ్యి పక్కన మూతలున్న మూడు పాత్రలు పెట్టించి, వాటిని గిన్నెలు కడిగే ఆమెకు అప్పగించింది. తరువాత వంటగదివారినందరినీ పిలిచింది.

"మూడేళ్లుగా రోజూ రెండు డేగిసాల గంజి తూములో పోయించాను. నన్నెవరూ గుమ్మం దగ్గర ఆపలేదు. ఒక్క క్యాను కాపాడిన మనిషిని ఆపాం. ఇకమీదట ఈ వంటగదిలో జవాబు చెప్పుకోవలసింది పారబోసినవాళ్లే."