నొక్కిన వాళ్ల పేర్లు

సమాచార భద్రతలో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ రావాలంటే నాలుగు సబ్జెక్టులు పూర్తిచేయాలి. దేంట్లోనూ బి గ్రేడుకు తగ్గకూడదు. ఆఖరున పనిచేసే చోటే ఒక ప్రాజెక్టు చేసి, దాని మీద పై అధికారి సంతకం తేవాలి. చేరేటప్పుడు ఇదంతా చదివి, ఓస్, ఇంతేనా అనుకున్నాను. అనుకోవడానికేం పోయింది.

రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లు చూసేదాన్ని నేనొక్కదాన్నే. ప్రింటరు మొరాయించినా నేనే, పాస్‌వర్డు మరిచిపోయినా నేనే, గోడ గడియారం ఆగినా నేనే. ల్యాబు యజమానిని అందరం పెద్ద డాక్టరుగారంటాం. సర్టిఫికెట్ తెస్తే నా ఉద్యోగం పర్మనెంటు, తేలేకపోతే ఆ పని బయటి కంపెనీకి అని ఆయన తేల్చి చెప్పేశారు. అప్పటినుంచి బస్సులో చదివాను, పొయ్యి మీద కూర మాడుతుంటే చదివాను. "అమ్మా, మనిద్దరిలో ముందు ఎవరి చదువు అవుతుందో పందెం" అనేది మా అమ్మాయి. నవ్వే ఓపిక కూడా ఉండేది కాదు.

నాలుగు సబ్జెక్టులూ గట్టెక్కాయంటే అది కౌంటరు అక్క చలవే. రిపోర్టులు ఇచ్చే కౌంటరులో కూర్చుంటుంది, నాకంటే పదేళ్లు పెద్ద. నా పరీక్షలప్పుడు ప్రింటర్లతో కుస్తీ తనే పట్టేది. క్లాసు కోసం నేను సర్వేలు చేయాల్సి వచ్చినప్పుడల్లా, "అక్కా, ఒక లింకు పంపాను, కాస్త నొక్కి పెట్టవా" అని బతిమాలేదాన్ని. తను నొక్కి, కౌంటరులో అందరిచేతా నొక్కించేది.

ఇక మిగిలింది ప్రాజెక్టు. అధికారి అనుమతితో సిబ్బందికి ఉత్తుత్తి మోసపు మెయిలు పంపాలి. ఎంతమంది బుట్టలో పడతారో చూసి, జాగ్రత్తలు నేర్పి, రిపోర్టు రాయాలి. పెద్ద డాక్టరుగారు సరేనన్నారు. జనం నమ్మే పేరు వాడమన్నారు మా టీచరు. మా ల్యాబులో అలాంటి పేరేదా అని వెతికితే నాదే తట్టింది. బయటి అడ్రసు నుంచి నా పేరు పెట్టి, "ఈ లింకు నొక్కి మీ ల్యాబు పాస్‌వర్డు కొట్టండి, నా ప్రాజెక్టుకి కావాలి" అని పంపాను.

శాంపిళ్లు తీసేవాళ్లు అసలు తెరవనే లేదు, వాళ్లకి ఊపిరి పీల్చుకునే తీరికుంటే కదా. కౌంటరు మాత్రం మొత్తం పడిపోయింది. అందరికంటే ముందు నొక్కింది అక్క.

రిపోర్టు తిరగేసి పెద్ద డాక్టరుగారు కళ్లజోడు తీశారు.

"పేర్లేవమ్మా?"

"రాయకూడదండీ. కోర్సు నియమం."

"సరే, ఇందులో రాయకు. వేరే కాగితం మీద రాసివ్వు. నా ఇంటి తాళంచెవి ఎవరు దొంగ చేతికిచ్చారో నాకు తెలియాలి. మెమోలు ఇచ్చాకే నీ సంతకం."

అక్క కాంట్రాక్టు మళ్లీ రాసే నెల అది. నిజం చెప్పొద్దూ, పేర్లు రాసేద్దామనే అనిపించింది. అంత విసిగిపోయాను. రాసిస్తే ఈ పీడ వదిలిపోతుంది, కంటినిండా నిద్రపోవచ్చు.

నా గదికి వచ్చేసరికి అక్క టీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది.

"అయిపోయిందా తల్లీ నీ చదువు? నీ మెయిలు చూసి ఒకరిద్దరు నసిగారు, పాస్‌వర్డు ఎందుకని. మన పిల్లేగా అని నేనే కొట్టించాను."

కప్పు అందుకుని బల్ల మీద పెట్టేశాను. చూడకుండా నొక్కడం వాళ్లకి అలవాటు చేసింది ఏ దొంగో కాదు, నేను.

కాగితం మీద నా పేరొక్కటే రాసి తీసుకెళ్లాను.

"పంపింది నువ్వు, నొక్కింది కూడా నువ్వేనా?" అన్నారాయన.

"నేను ఏది పంపినా నొక్కమని రెండేళ్లుగా బతిమాలింది నేనేనండీ. మెమో ఏదైనా ఉంటే నాకివ్వండి."

"ఇచ్చి ఏం చేసుకోను. ప్రాజెక్టులో నేర్పాలని కూడా ఉందన్నావుగా, ముందు నేర్పు. మళ్లీ ఒకటి పంపుదువుగాని. ఈసారి ఎవరూ నొక్కకపోతే సంతకం పెడతాను."

ప్రాజెక్టు గడువు శుక్రవారంతో ముగుస్తుంది. కౌంటరులో కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చిపోయే జనం మధ్యనే చెప్పుకొచ్చాను. నేను పంపినా సరే, మా అమ్మ పంపినా సరే, నాకు ఫోను చేసి అడిగాకే ముట్టుకోమన్నాను. "నిన్ను కూడా నమ్మొద్దంటే ఎలాగే?" అంది అక్క, మనసు నొచ్చుకుని.

శుక్రవారం ఉదయం రెండో మెయిలు పెద్ద డాక్టరుగారి పేరుతో వెళ్లింది, అందరికీ. కాసేపటికి ఫోను మోగింది.

"పెద్దాయన పేరుతో ఏదో వచ్చిందే. నీ పనేనా?" అంది అక్క.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత వరసపెట్టి ఫోన్లే, కౌంటరు మొత్తం. ఆఖరి ఫోను లోపలి గది నుంచి.

"నేనమ్మా. నా పేరుతోనే నాకేదో వచ్చింది. ఏమిటా అని…" ఆగారు. "నొక్కేశాను."

నొక్కినవాళ్ల లెక్కలో ఒకటి వేసుకున్నాను.

"పాస్‌వర్డు కూడా కొట్టాను." గొంతు తగ్గించారు. "పేరు రాస్తావా?"

"రాయకూడదండీ. కోర్సు నియమం."

అటునుంచి కళ్లజోడు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"సంతకానికి రిపోర్టు పట్టుకురా" అన్నారు.

వెంటనే లేవాలనే ఉంది. అయినా, ఇంకాసేపు అలాగే కూర్చున్నాను.