లలిత ఎక్కాల్సిన విమానం

మా ఆయన చీరకి గంజి పెడుతున్నాను. నా చీరకి కాదు, ఆయన చీరకే. ఆవపువ్వు రంగు నేత చీర, గరియాహాట్ బజారు పేవ్‌మెంటు మీద నేనే ఏరి తెచ్చింది. గంజి పలచనైతే కుచ్చిళ్ళు నిలవవు. చిక్కనైతే నడిచినప్పుడు ఎండు తాటాకులా చప్పుడు చేస్తుంది. చప్పుడంటే ఆయనకి భయం. అందుకని వార్చిన గంజిలో ఇన్ని నీళ్ళు కలిపి, గుడ్డలో వడకట్టి, చీర ముంచి, పిండీ పిండనట్టు పిండి బాల్కనీ తీగ మీద ఆరేశాను. పక్కన ఆయన జాకెట్టు.

అంట్లు తోమడానికి వచ్చిన సింహాచలమ్మ కళ్ళు ముందు దాని మీదే పడ్డాయి.

"ఈ జాకెట్టేటమ్మా, ఇంతుంది? ఇందుల మీలాటోళ్ళు ఇద్దరు పడతారు."

"మా అత్తగారిది. ఊరికి పట్టుకెళ్ళాలి."

"మీ అత్తగోరు బాగా పుష్టి మనిసిలాగున్నారే!"

మా అత్తగారు కందికట్టెలా ఉంటుంది. ఆ నడుముకి ఈ జాకెట్టు తొడిగితే ఎలా ఉంటుందో తలచుకుని నవ్వాను. సింహాచలమ్మా నవ్వింది. ఈ మనిషితో కలిసి నవ్వడం కూడా ఇంకో వారమే కదా అనిపించి లోపలికి వచ్చేశాను.

మా ఆయన పేరు నరసింహం. బ్యాంకులో ఆఫీసరు. విశాఖపట్నం నుంచి బదిలీ మీద కలకత్తా వచ్చి సాల్ట్ లేక్‌లో బ్యాంకు వాళ్ళ ఫ్లాటులో ఉంటున్నాం. విశాఖలో ఉన్నన్నాళ్ళు ఉమ్మడి ఇల్లు. ఇద్దరు మరుదులు, వాళ్ళ పెళ్ళాం బిడ్డలు, అత్తగారు. పొద్దున్న లేచింది మొదలు నేనొక మనిషినన్న సంగతి ఎవరికైనా గుర్తొచ్చేది ఇడ్లీ గట్టిపడినప్పుడే. నాకు పిల్లలు లేరు. అందుకని మరుదుల పిల్లలకి నీళ్ళు పొయ్యడం, జడలు వెయ్యడం నా వంతు. "దానికేటి పని? కనిందా, పెంచిందా?" అనేది అత్తగారు, వచ్చినవాళ్ళందరి ముందూ. కళ్ళంలో తిరిగే ఎద్దు మూతికి చిక్కం కట్టినట్టు నా మూతికీ ఏదో కట్టి ఉండేది. డిగ్రీ చదివాను. మా నాన్న నాగావళి ఒడ్డున చెరకు పొలం చూసుకుంటూ నన్ను కాలేజీకి పంపాడు. ఆ చదువు పాలవాడి లెక్క చూడడానికి పనికొచ్చింది. ఈయన వరండాలో పేపరు చదువుతూ ఉండేవారు. తల్లి మాట వినపడేది. పేజీ తిప్పేవారు. అంతే.

ఇక్కడికి వచ్చిన రెండో ఏడు, మా బ్లాకు పక్కనున్న చిన్నపిల్లల బడిలో నాకు టీచరు పని దొరికింది. ఒకరోజు బస్సుల సమ్మె అని బడి తొందరగా వదిలేశారు. నా తాళంతో తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి పడగ్గదిలో అద్దం ముందు ఆయన. నా నీలం వెంకటగిరి చీర. కుచ్చిళ్ళు ఎడంపక్కకి పోయి, పైట తాడులా మెలిపడి ఉంది. నన్ను చూసి ఆ మనిషి నేలకి కూలబడి మొహం దాచుకున్నాడు. వీపు అదురుతోంది. అరుద్దామని నోరు తెరిచాను. గట్టి మొగాణ్ణి చూసి ఇచ్చామని మా నాన్న అనుకున్నాడు. పాపం మా నాన్న. కానీ అరవలేదు. వంకరగా ఉన్న ఆ కుచ్చిళ్ళు చూస్తూ ఉండలేకపోయాను. దగ్గరికి వెళ్ళి సర్దాను. సర్దుతుంటే అన్నాను, "కట్టుకోవడం ఒక్కటే అనుకున్నారా ఆడతనమంటే? రండి, వంటింట్లో గోంగూర ఉంది. కూర్చుని ఆకులు దూయండి."

కోపంతో అన్న మాట అది. ఆయన లేచి నిజంగానే వచ్చారు. పీట వేసుకుని, గోంగూర ఒళ్ళో పోసుకుని, ఒక్కో ఆకు దూశారు. గోంగూర అయ్యాక, "ఇంకేముంది?" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

అలా వచ్చింది లలిత మా ఇంటికి. పేరు ఆయనే పెట్టుకున్నారు, ఎప్పుడో పదేళ్ళ వయసప్పుడు. ఆదివారాలు మధ్యాహ్నం కిటికీలు మూసేసి నేను చీర కట్టేదాన్ని, లలిత నా పక్కన కూర్చునేది. చిక్కుడుకాయలు ఈనెలు తీసేది. "నీ నడుం నొప్పి ఎలా ఉంది?" అనేది. ఆ ప్రశ్న నరసింహంగారు ఒక్కనాడైనా అడిగిన పాపాన పోలేదు. లలితని నేను నువ్వు అనేదాన్ని. తిట్టేదాన్ని. ఒకసారి కొబ్బరి కోరుతూ లలిత, "మీ అత్తగారు అన్న మాటలకి ఆయన అడ్డం పడాల్సింది. డాక్టరు చెప్పింది ఆయన లోపమేనని. ఆ మాట తల్లికి చెప్పలేదు" అంది. ఆయన, ఆయన అంటోంది, ఎవరో ఊళ్ళో మనిషిని అన్నట్టు. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అన్నేళ్ళు నేను మోసిన గొడ్రాలు మాట ఎవరు మొయ్యాల్సిన బరువో అప్పుడు తెలిసింది. ఏడ్చాను. లలిత కూడా ఏడ్చింది. సాయంత్రం చీర విప్పేసి లుంగీ కట్టుకోగానే ఆయన హాల్లోంచి, "కాఫీ ఏదీ?" అని కేకేశారు. తాగిన గ్లాసు కుర్చీ కింద వదిలేశారు. నేను వంగి తీశాను.

ఒకే ఒంట్లో ఇద్దరు. ఒకరికి నేను పనిమనిషిని, ఒకరికి స్నేహితురాలిని. నవ్వాలో ఏడవాలో తెలియని కాపురం. అయినా నిజం చెప్తున్నాను, ఈ ఊళ్ళో నాకున్న ఒక్క స్నేహితురాలు లలితే.

ఇప్పుడు బదిలీ వచ్చింది, మళ్ళీ విశాఖకే. అదే ఇల్లు, అవే గదులు, గడియ వెయ్యడం ఎరగని తలుపులు. అక్కడ లలితకి చోటు లేదు.

ఆర్డరు వచ్చిన ఆదివారం లలిత నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "ఒక్కసారి, హైమా. ఒక్కసారి బయటికి వెళ్ళాలి. మూసిన కిటికీల మధ్య కాదు. నలుగురిలో. విమానంలో అయితే గంటన్నర. అందరూ కొత్తవాళ్ళు. మనవాళ్ళంతా హౌరాలో రైలెక్కేవాళ్ళే, దమ్‌దమ్ ఎయిర్‌పోర్టులో ఎవరుంటారు? నీ పక్కన కూర్చుని, కిటికీలోంచి మబ్బు చూసి, విశాఖలో దిగి, అక్కడి బాత్రూంలో బట్టలు మార్చేసుకుంటాను. అంతే. ఆ తరవాత అడగను."

"చెకింగు సంగతి?" అన్నాను.

టిక్కెట్టు మీద పేరు తప్ప మరే కాగితమూ అడగని రోజులే. కానీ అంతకుముందు ఏడాది మా నాన్న పోయినప్పుడు నేను విమానంలో వెళ్ళాను కనక తెలుసు. మగవాళ్ళకి బయటే, నిలబెట్టి తడిమి పంపేస్తారు. ఆడవాళ్ళకి విడిగా వరస, చివర తెర కట్టిన చిన్న గూడు. లోపల ఖాకీ చీరలో ఓ పిల్ల. పైట కింద, నడుం దగ్గర, వీపు మీద చెయ్యి వేసి చూస్తుంది. లలిత ఏ వరసలో నిలబడాలి? మగవాళ్ళ వరసలో నిలబడితే దమ్‌దమ్ అంతా నవ్వుతుంది. ఆడవాళ్ళ వరసలో నిలబడితే ఆ తెర. పట్టుబడితే ఉద్యోగం పోతుంది, పోలీసు స్టేషను, బ్యాంకులో, అత్తగారింట్లో... ఆ పైన ఆలోచన సాగలేదు.

"కుదరదు" అన్నాను. లలిత తలూపింది. బతిమాలలేదు. అదే నన్ను కోసింది.

ఆ వారమంతా బడిలో పాఠం చెప్తున్నా, బియ్యం ఏరుతున్నా ఆ తెరే నా కళ్ళ ముందు. నా భయం కన్నా ఆ ఖాకీ చీర పిల్ల గురించి ఆలోచన ఎక్కువైంది. ఏ ఊరి పిల్లో, ఏ అత్తగారికి వండిపెట్టి డ్యూటీకి వచ్చిందో. తెలియకుండా దాని చెయ్యి ఓ మగ ఒంటి మీద పడేలా చెయ్యడం న్యాయమా? నా సుఖం కోసం, లలిత సుఖం కోసం ఇంకో ఆడదాన్ని మోసం చేస్తామా? ఇది లలితనీ అడిగాను. లలిత తెల్లబోయింది. ఆ వైపు నుంచి తను ఆలోచించలేదట.

మరుసటి ఆదివారం చీకటి పడే వేళకి నాకేం బుద్ధి పుట్టిందో, "పద, బస్సెక్కుదాం" అన్నాను. నల్ల కళ్ళద్దాలు వద్దని, తల నిండా పైట కప్పుకోమని చెప్పి ఉల్టాడాంగా బస్సెక్కించాను. లేడీసు సీట్లో కూర్చున్నాం. రెండో స్టాపులో సంచులతో ఒకావిడ ఎక్కి, లలిత భుజం తట్టి, "దీదీ, ఎక్టు చేపే బోషున్ నా" అంది. కాస్త సర్దుకుని కూర్చోండక్కా, అని. లలిత జరిగింది. ఆవిడ పక్కన ఇరుక్కుని కూర్చుని, సంచి ఒకటి లలిత ఒళ్ళో పెట్టేసి, చిల్లర కోసం కొంగుముడి విప్పుకుంటోంది. అంతే జరిగింది. దిగేదాకా లలిత ఆ సంచిని పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది. వీధి దీపాల వెలుగు మొహం మీద పడుతూ పోతూ ఉంటే చూశాను. మా పెళ్ళిలో ఆయన మొహం అలా లేదు.

ఇంటికొచ్చి, "వెళ్దాం" అన్నాను. "తెర లోపలికి ముందు నేను వెళ్తాను. ఆ పిల్ల చెవిలో నిజం చెప్తాను. నవ్వితే నవ్వుతుంది, అరిస్తే అరుస్తుంది. అరిస్తే నీ చెయ్యి పట్టుకుని వెనక్కి వచ్చేస్తాను. సరేనా?" లలిత నా చేతిలో మొహం పెట్టుకుంది. రెండు టిక్కెట్లు తెచ్చుకున్నాం. ఒకదాని మీద హైమ, ఒకదాని మీద లలిత.

ఇక మిగిలింది మనవాళ్ళు. కలకత్తాలో తెలుగువాళ్ళు ఎవరు ఊరు వదిలినా సంఘంలో సగం మంది స్టేషనుకి వస్తారు. పులిహోర పొట్లాలు, దండలు, ఫోటోలు. ఆ సంగతి నేను చూసుకున్నాను. అబద్ధాలు కూడా ఇంటి పనుల్లో ఒకటే కదా, నాకే వస్తుంది. "శనివారం హౌరాలో రైలు. తెల్లారగట్ల. మీరెవరూ శ్రమ పడొద్దు" అని సంఘం కార్యదర్శి భార్య జయలక్ష్మిగారికి చెప్పాను. "శ్రమేమిటే, పులిహోర లేకుండా పంపుతామా?" అందావిడ. శనివారానికి మేం వెళ్ళిపోయి రెండు రోజులవుతుంది. తిట్టుకుంటే తిట్టుకుంటారు.

మంగళవారం సాయంత్రం సంఘంలో వీడ్కోలు సభ. ఆయనకి శాలువా, చందనం. నాకు బొట్టు పెట్టి తాంబూలంలో జాకెట్టు ముక్క. బ్యాంకులో కొత్తగా చేరిన శ్రీనివాస రావు హాస్యం మాట్లాడాడు. "మా సార్ పొదుపు గురించి ఏం చెప్పమంటారు! జీవితమంతా స్లీపర్ క్లాసే. శనివారం కూడా అప్పర్ బెర్తు మీదే నిద్ర" అన్నాడు. జనం నవ్వారు. ఆయన మొహంలో ఏదో బిగుసుకోవడం మొదటి వరసలోంచి నాకు కనపడింది. వద్దు అనుకున్నాను లోపల.

ఆయన మైకు అందుకున్నారు. "అప్పర్ బెర్తు నీకోయ్! నేను వెళ్ళేది విమానంలో. ఎల్లుండి పొద్దున్న. అందరూ దమ్‌దమ్ రండి. మీ అందరి సమక్షంలో ఎక్కుతాను!"

చప్పట్లు. ఈలలు. జయలక్ష్మిగారు నా వైపు తిరిగి తొడ మీద ఒక్కటి వేసింది. "ఓసి నీ దుంపతెగ, రైలన్నావు! దిష్టి పెడతామనా? చూడు, బస్సు కట్టించుకుని మరీ వస్తాం."

అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. కొడుతూ ఆయన్నే చూశాను. శాలువా భుజం మీద సర్దుకుంటున్నారు. ఛాతీ పైకి లేచింది. లలితని ఎవరూ పట్టుకోలేదు. ఏ తెర దగ్గరా ఎవరూ అరవలేదు. నలుగురు చప్పట్లు కొడతారని ఆయనే అందరి ముందూ దాన్ని చంపేశారు. చంపానని తెలుసో లేదో కూడా నాకు తెలియదు.

మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసుతో ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. కళ్ళు వాచి ఉన్నాయి. జాలేసింది. అది కాదనను.

"నోరు జారింది హైమా" అన్నారు. "వాడలా నవ్వేసరికి..."

"అవును."

"ఒకందుకు మంచిదేలే. నాకూ భయంగానే ఉంది. ఈ వయసులో ఇవేం పనులు. అమ్మ దగ్గర ఉండబోతున్నాం. ఇక ఆ గొడవ ఇక్కడితో సరి." కాఫీ పూర్తి చేసి గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టారు. మళ్ళీ వరండాలో పేపరు చదివే మనిషి గొంతు వచ్చింది. "బడికి వెళ్ళేముందు ఆ టిక్కెట్టు ఇలా ఇయ్యి. ఏజెంటు దగ్గర లలిత పేరు కొట్టించి నాది వేయించుకొస్తాను. మీ హెడ్మిస్ట్రెస్‌కి ఇవాళైనా చెప్పు మానేస్తున్నానని."

గ్లాసు తీద్దామని చెయ్యి చాపబోయాను. ఆగాను. విశాఖ ఇల్లు కళ్ళ ముందు నిలబడింది. గట్టిపడ్డ ఇడ్లీలు, నాకేం పనని అడిగే గొంతు, తిప్పే పేజీ. ఈనెలు తీసేవాళ్ళెవరూ లేని చిక్కుడుకాయలు. ఇన్నాళ్ళూ ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళగలనని ఎలా అనుకున్నానో అప్పుడర్థమైంది. పక్కన లలిత ఉంటుందనే. ఎక్కడో ఒక మూల, గంటన్నర ప్రయాణమంత మిగిలైనా ఉంటుందని.

బీరువా తీసి టిక్కెట్టు తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన అద్దాలు సవరించుకుని చూశారు.

"ఇది నీ టిక్కెట్టు కదే?"

"అవును. మీ పేరు దీని మీద వేయించుకోండి. నేను బడి మానడం లేదు" అన్నాను, చెప్పులు వేసుకుంటూ. "లలిత సీటు లలితకే ఉండనివ్వండి."